ఏనాడూ చింతించలేదు

ఈ మధ్య నాకు కొత్త కళ్లద్దాలు ఇచ్చారు. పైసగంలోంచి దూరం, కిందిసగంలోంచి దగ్గర, మధ్యలో దేవుడి దయ. చదవాలంటే గడ్డం ఎత్తాలి, మెట్లు దిగాలంటే తల వంచాలి. ఈ ఎత్తడం, దించడం చూసి మొన్న మా కాలనీ సంఘం సమావేశంలో నేను అన్ని తీర్మానాలకూ తలూపానని రాసుకున్నారు. గేటుకు ఒకే ఏడాదిలో రెండోసారి రంగు వేయించడానికి నా మద్దతు కూడా ఉందని అలా తెలిసింది. షాపులో అడిగితే, వారం రోజుల్లో అలవాటైపోతుందండీ అన్నారు. నాలుగు నెలలైంది. సంఘానికైతే అలవాటైంది.

అయినా అద్దాలవాళ్లను ఓ మాట అనడానికి నాకు నోరు రాదు. ఆ పని చేసినాయన ఒకరి విషయంలో నేను తప్పు చేసి ఉన్నాను. కొన్ని వందల ఏళ్ల కిందట, మనకు చాలా దూరంలో, అద్దాలు సానబట్టి పొట్టపోసుకుంటూ, మిగిలిన సమయంలో దేవుడి గురించీ ప్రకృతి గురించీ మనిషి స్వేచ్ఛ గురించీ ఆలోచించిన తత్వవేత్త ఆయన. ఆయన జీవితాన్ని తెలుగులో నూట ఇరవై పేజీల పుస్తకంగా రాసింది నేను. అందులో ఓ నాలుగు పంక్తులు తప్ప మిగతాదంతా నిజం.

పుస్తకాల పనిలో స్థిరపడాలనుకుంటున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఫోన్ చేసి, మీ ఉద్యోగానుభవాలు చెప్పండి సార్ అంటున్నారు. విజయాలు చెప్పమంటే అరపేజీ నిండదు. అందుకని ఆ నాలుగు పంక్తుల సంగతి చెబుతాను.

నేను ఫిలాసఫీ ఎం.ఏ. మా గుంటూరు వైపు ఆ రోజుల్లో ఆ మాట చెబితే పెళ్లిచూపుల్లో అవతలివాళ్లు మర్యాదగా కాఫీ గురించి మాట్లాడేవారు. లెక్చరర్ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి దరఖాస్తులు పెట్టి, మధ్యలో ట్యుటోరియల్ కాలేజీల్లో నాకు రాని సబ్జెక్టులు కూడా చెప్పి, చివరికి మేడ్చల్‌లో ఒక ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా చేరాను. సంస్థ అంటే పాత హైవే పక్కన ఒక రేకుల షెడ్డు. ముందు రెండు గదుల ఆఫీసు, మధ్యలో అచ్చు మిషన్, వెనక బైండింగ్ గది. ఎడిటర్ అంటే ముందు గదిలో ఫ్యాన్ కింద ఒక కుర్చీ. ఫ్యాన్ మాత్రం ఓనరు వైపు తిరిగి ఉండేది.

ఓనరు మేడ్చల్ మనిషే. పదోతరగతి, ఇంటర్ గైడ్లు వేసి నిలదొక్కుకున్నాడు. పిల్లలకు చదవకుండా పాసయ్యే దారి చూపించిన పాపం ఎక్కడో కడుక్కోవాలనుకున్నాడో ఏమో, తత్వవేత్తల జీవితాలూ వాళ్ల ఆలోచనలూ చిన్న చిన్న పుస్తకాలుగా వెయ్యడం మొదలుపెట్టాడు. ఏ దేశంవాళ్లయినా, ఏ కాలంవాళ్లయినా సరే. షరతు ఒకటే: మేడ్చల్‌లో బస్సెక్కినవాడు సికింద్రాబాద్‌లో దిగేదాకా పుస్తకం మూయకూడదు. నన్ను ‘ప్రొఫెసర్ సాబ్’ అని పిలిచేవాడు. నేను ప్రొఫెసర్‌ని కాలేకపోయానని తెలిసే అలా పిలిచేవాడని నా అనుమానం. గౌరవంతోనే అనేవాడని మా ఆవిడ నమ్మకం.

ఆ సంస్థలో ఒక ఆచారం ఉండేది. ఏ రాతప్రతైనా అచ్చుకు పోయేముందు బైండింగ్ గదిలో పైకి చదివి వినిపించాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, రెండింటి నుంచి మూడింటి దాకా. అక్కడ ఆరేడుగురు కింద కూర్చుని, అచ్చయిన పెద్ద కాగితాలను మడతలు పెడుతూ, వరసగా పేరుస్తూ, దారంతో కుడుతూ ఉంటారు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. రాసినవాడు స్టూలు మీద కూర్చుని చదవాలి. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు నోటితో చెప్పకూడదు. మర్నాటికి పుస్తకంలో రాసుకుని వచ్చి చదవాలి. నోటితో చెప్పేస్తే, పుస్తకం కొన్నవాడి ఇంటికి సుత పోయి చెప్తవా అని ఓనరు అడిగేవాడు. ఈ ప్రశ్నకు నా ఎం.ఏ.లో జవాబు లేదు.

మొదట్లో ఇది నాకు అవమానంగానే తోచింది. చేరిన వారంలో ‘జ్ఞానమీమాంస’ అనే మాట మూడుసార్లు చదివాను. మూడోసారికి బైండింగ్ మేస్త్రీ లేచి వెళ్లి అందరికీ టీ చెప్పి వచ్చాడు.

ఆ గదిలో కుట్టుపని చేసే ఆమెను అందరూ అక్క అనేవారు. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నదే అయినా నేనూ అక్కా అనే పిలిచాను. శామీర్‌పేట దగ్గరి పల్లె, ఏడో తరగతి దాకా చదువు. భర్త జీడిమెట్లలో ఒక కంపెనీలో ఇనుప భాగాలు సానబట్టే మిషన్ మీద చేసేవాడు. దగ్గు ముదిరి రెండేళ్లుగా ఇంట్లోనే ఉంటున్నాడు. కూతురు ఇంటర్ చదువుతోంది. ఇవన్నీ మేస్త్రీ చెప్పగా తెలిసినవి. ఆమె తన గురించి మాట్లాడగా నేను వినలేదు. తత్వవేత్తల గురించి మాత్రం మాట్లాడేది.

ఒకసారి, మనిషికి ఏమీ అక్కర్లేదని చెప్పి పెద్ద మట్టికుండలో కాపురమున్న ఒక గ్రీకు తత్వవేత్త గురించి చదువుతున్నాను. ఆయన నిరాడంబరత మీద నేను రాసిన పేరా నాకు చాలా ఇష్టం. చదవడం అయ్యాక అక్క దారం కొరుకుతూ అడిగింది.

“అన్నం ఎవలు పెట్టిన్రు సార్?”

ఎవరు పెట్టారో నేను చూడలేదు. ఆ సాయంత్రం చూశాను. ఊరు పెట్టింది, అడుక్కుని తిన్నాడు. అది రాసుకొచ్చి చదివితే ఆమె తలూపి, “గట్ల సెప్పున్రి. ఏమక్కర్లేదన్నడు గని, ఊరు అక్కరుండె” అంది. తత్వశాస్త్రంలో ఆయన మీద వచ్చిన విమర్శలు నేను కొన్ని చదివాను. ఇంత చిన్నదీ ఇంత మర్యాదైనదీ చదవలేదు.

ఇంకోసారి, అందరినీ ప్రశ్నలడిగి అడిగి చివరికి విషం తాగాల్సివచ్చిన ఆయన కథ. ఆయన భార్య గయ్యాళి అని లోకమంతా రాసింది, నేనూ రాశాను. మా గదిలో మగవాళ్లు ఆ పేరా దగ్గర బాగా నవ్వారు. అక్క నవ్వలేదు. ముగ్గురు పిల్లలను పెట్టుకుని, ఇంటాయన పొద్దందాక బజార్ల ముచ్చట్లు పెడుతుంటే ఆమె ఒర్రక, అరవక ఏం చేస్తదని అడిగింది. పేరా మార్చాను. ఆ పుస్తకానికి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ ఒక్క పేరా గురించే. కింద నా పేరుంది కనక మెచ్చుకోళ్లు నాకే వచ్చాయి. నేనూ కాదనలేదు.

అన్నం ఎవరు వండారు, ఇంట్లోవాళ్లు ఏమయ్యారు. ఈ రెండు ప్రశ్నలూ నేను చదివిన విశ్వవిద్యాలయంలో ఎవరూ అడగలేదు. మా మాస్టార్లు గొప్పవాళ్లే, కానీ వాళ్లెవరూ చేత్తో ఏదో కుడుతూ వినలేదు. ఆ తర్వాత ఏ మహానుభావుడి గురించి రాయబోయినా ముందు ఆ ఇంటి వంటగది ఎటువైపుందో వెతికేవాడిని. మా పుస్తకాలు బాగుండేవని ఎవరైనా అంటే, దానికి కారణం నాకు తెలుసు. ఆమెకు తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు.

అద్దాలాయన పుస్తకం చదవడం ఒక వానాకాలంలో మొదలుపెట్టాం. రేకుల మీద వాన పడుతుంటే గొంతు చించుకుని చదవాల్సివచ్చేది. ఆయన్ని సొంతవాళ్లే వెలివేసిన ఘట్టం రాగానే నేను అక్క వైపు చూశాను. అన్నం సంగతి అడుగుతుందని తెలుసు. ఈసారి నేను సిద్ధం. అద్దాలు సానబట్టి, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతికాడు అని తరువాతి పేజీలోనే ఉంది. చదివాను. ఆమె మొహం విప్పారింది. “గీయన మనోడే” అంది. మిగతావాళ్లంతా ఇన్నేళ్లూ ఎవరివాళ్లో అప్పుడు అర్థమైంది.

వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. గాజు సానబడితే పొడి లేస్తుంది కదా, ఛాతీలో పడుతుంది కదా, అది రాశారా అని. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో చిన్నవయసులోనే పోయాడని చివరి అధ్యాయంలో ఉంది. నేను అప్పటికి నలభయ్యో పేజీలో ఉన్నాను. ఆమె నాకంటే ముందే చివరికి చేరుకుంది. తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకుంటూ, “మా ఇంట్ల ఉన్నడు గద సార్” అంది. ఆమె తన ఇంటి మాట ఎత్తడం అదే మొదటిసారి.

ఆ తర్వాత వారంలో వచ్చింది అసలు ఘట్టం. ఆయన పేరు దేశాలు దాటాక, ఒక పెద్ద విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. ఆచార్య పదవి, గౌరవం, జీతం. ఆయన ఆలోచించి, మర్యాదగా ఉత్తరం రాసి, వద్దన్నాడు. అక్కడికి పోతే తన ఆలోచనలకు ఎవరో ఒకరు హద్దులు గీస్తారని ఆయన సందేహం. నాకైతే అలాంటి పిలుపు వస్తే ఉత్తరం పూర్తిగా చదవకుండానే బస్సెక్కేవాడిని. అందుకేనేమో ఆ అధ్యాయం బాగా కుదిరింది.

 నేను కాగితాలు సర్దుకుంటుంటే అక్క అడిగింది.

“వద్దన్నడు, మంచిగనే ఉంది. తర్వాత ఎన్నడన్న బాధపడ్డడా సార్, పోతే బాగుండు అని?”

ఆచారం ప్రకారం మర్నాడు జవాబు రాసుకుని రావాలి. ఆ సాయంత్రం నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఆ ఉత్తరం తర్వాత ఆయన ఏమనుకున్నాడో ఎక్కడా లేదు. ఆ విషయంలో ఆయన మౌనంగా ఉన్నాడు. మౌనాన్ని గౌరవించడం తత్వశాస్త్రంలో ఒక సంప్రదాయం. పుస్తకాల వ్యాపారంలో అది లేదు. నాకు ఆ గదిలో ఖాళీ చేతులతో స్టూలు ఎక్కడం ఇష్టం లేకపోయింది. కూర్చుని ఇలా రాశాను:

‘ఆ ఉత్తరం పంపిన మర్నాడు ఆయన ఎప్పటికంటే ముందే లేచి పనిబల్ల ముందు కూర్చున్నాడు. కిటికీలోంచి వచ్చే వెలుగుకు, అప్పుడే సానబట్టిన అద్దాన్ని ఎత్తి చూసి తనలో తాను నవ్వుకున్నాడు. ఆ పెద్ద కొలువు వద్దన్నందుకు ఆయన ఆ తర్వాత ఏనాడూ చింతించలేదు.’

చింతించకపోవడం నాది, నవ్వు నాది. కిటికీ కూడా నాదే.

అబద్ధం రాస్తున్నానని నాకు అనిపించలేదు. ఆయన స్వభావానికి తగ్గట్టే ఉంది కదా అనుకున్నాను. జీవితచరిత్రలు రాసేవాళ్లకు ఈ జబ్బు ఒకటుంది. ఒక మనిషి గురించి ఆరు నెలలు చదవగానే అతని తరఫున సంతకం పెట్టే అధికారం వచ్చిందనుకుంటాం.

మర్నాడు చదివాను. అక్క చేతిలో సూది ఆగింది. ఇంకోసారి చదవమంది. తొమ్మిదేళ్లలో ఆ గదిలో ఎవరూ నన్ను ఏదీ రెండోసారి చదవమనలేదు. ఆ రోజు ఇంటికి పోతూ మేడ్చల్ చౌరస్తాలో రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ తిన్నాను.

మా దగ్గర పని జల్దీగానే అయ్యేది. మూడు వారాల్లో పుస్తకం అచ్చై, వెయ్యి ప్రతుల కాగితాలు బైండింగ్ గదికి వచ్చాయి. అక్కే కుట్టడం మొదలుపెట్టింది. ఆ మంగళవారం మేస్త్రీ నా గదిలోకి వచ్చి, మీ పుస్తకం మస్తు పనిచేసింది సార్ అన్నాడు. ఇంకా అట్ట కూడా వేయని పుస్తకం ఎలా పనిచేసిందని అడిగితే వివరం చెప్పాడు.

తుర్కపల్లిలో మందుల పరిశోధన చేసే ఒక కంపెనీలో, ల్యాబులో గాజుసామాను కడిగే పనికి మనుషులు కావాలట. అక్క చెల్లెలి భర్త అక్కడ పనిచేస్తాడు, మాట్లాడి పెట్టాడు. శామీర్‌పేట దగ్గర కంపెనీ బండి ఎక్కించుకుంటుంది, మళ్లీ దింపుతుంది. మధ్యాహ్నం అక్కడే భోజనం. అన్నిటికంటే పెద్దది, ఇంట్లోవాళ్లకు కూడా వైద్యం ఉంటుంది. మా షెడ్డులో వైద్యమంటే మేస్త్రీ బల్ల సొరుగులో ఉండే తలనొప్పి బిళ్లలు. సోమవారానికల్లా వచ్చి చేరాలన్నారు. అక్క వద్దని చెప్పిందట.

“ఎందుకే అంటె, పుస్తకంల ఆయన సుత పోలే, మంచిగనే ఉన్నడు అంటది” అని మేస్త్రీ నవ్వాడు. “ఫిలాసఫీ అంటె గిదేనా సార్? ఇన్నొద్దులు నాకు సమజ్ కాలే.”

నిజం చెప్పాలంటే, మొదట నాకు గర్వమేసింది. పుస్తకం చదివి మనిషి బతుకుదారి మార్చుకున్నాడంటే, రాసినవాడికి అంతకంటే ఏం కావాలి? ఆ గర్వం సుమారు రెండు నిమిషాలు ఉంది. తర్వాత కిటికీ గుర్తొచ్చింది.

మిగిలిన ఆ రోజూ, బుధ, గురువారాలూ నేను నా జీవితంలోకెల్లా శ్రద్ధగా పరిశోధన చేశాను. ముందే రాసేసిన వాక్యానికి ఆధారం వెతకడమన్నమాట. ఆయన ఉత్తరాలన్నీ చదివాను. ఎక్కడైనా ‘నేను సంతోషంగా ఉన్నాను’ అని ఒక్క ముక్క దొరికితే చాలనుకున్నాను. అద్దాల గురించి ఉంది, ఇంద్రధనుస్సు గురించి ఉంది. దెయ్యాలు ఉన్నాయా లేవా అనే దాని గురించి కూడా ఉంది. నాక్కావలసింది లేదు.

పోనీ ఊరుకుంటే? ఊరుకోవడానికి మంచి కారణాలున్నాయి. ఆమె పనిలోంచి వెళ్లిపోతే నా పుస్తకాలకు దిక్కెవరు? ఆమె ఇక్కడ ఉండటమే ఆమెకు ఇష్టం కూడా. నేను కల్పించిన మాట ఆమె ఇష్టానికి ఊతమే కదా ఇచ్చింది. ఇలా నేను మూడు రోజులు నాకు అనుకూలమైన వాదాలు పేర్చాను. తర్కంలో నాకు ఎం.ఏ.లో మంచి మార్కులే వచ్చాయి. కానీ ప్రతి వాదం చివరా, ఆ ఇంట్లో దగ్గుతున్న మనిషి ఒకడు కూర్చుని ఉండేవాడు. అతన్ని నేను ఎన్నడూ చూడలేదు. నా పుస్తకం చివరి అధ్యాయంలో మాత్రం అలాంటి మనిషిని చంపి ఉన్నాను.

శుక్రవారం ఓనరుతో చెప్పాను. ఆయన వేరే ఏవో కాగితాలు చూస్తూనే విని, ఈ పుస్తకంలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయని అడిగాడు. ఇదొక్కటే అన్నాను. మిగతా పుస్తకాల్లో? ఒకటి రెండు చోట్ల వాన కురిపించానని ఒప్పుకున్నాను.

“వాన సంగతి తర్వాత సూద్దం” అన్నాడు. “ఇది నాకెందుకు సెప్తున్రు ప్రొఫెసర్ సాబ్? తుర్కపల్లి కొలువు నాకొచ్చిందా?”

చెబితే ఆమె వెళ్లిపోవచ్చు, అలాంటి మనిషి మనకు మళ్లీ దొరకదు అన్నాను. ఆయన కాగితాలు పక్కన పెట్టాడు. అది నాకూ తెలుసన్నాడు. ఆమెను పనిలో పెట్టుకున్నది తనేనని, పుస్తకం పైకి చదవాలన్న ఆచారం కూడా ఆమె వేసిన ఒక ప్రశ్న విన్నాకే పెట్టానని అన్నాడు. ఈ సంగతి అంతకుముందు నాతో ఎప్పుడూ చెప్పలేదు. ఆ ప్రశ్న ఏమిటో అప్పుడూ చెప్పలేదు. యాడ చదివారో ఆడనే చదవాలి, పక్కకు పిలిచి గుసగుసలు వద్దు అని మాత్రం అన్నాడు. ఫ్యాన్ నా వైపు తిప్పాడు. అంత దయ చూపించాడంటే పరిస్థితి ఎంత పాడైందో నాకు అప్పుడు తెలిసింది.

శనివారం రెండింటికి స్టూలు మీద కూర్చున్నాను. మామూలుగా చేతిలో ఇరవై కాగితాలుంటాయి, ఆ రోజు ఒక్కటే. మేస్త్రీ అది చూసి, ఇయాల జల్దీ ఇడిసిపెడ్తున్రు అన్నాడు. అక్క గోడకు ఆనుకుని కుడుతోంది. ఆమె పక్కన కుట్టిన ప్రతులు నడుం ఎత్తున ఉన్నాయి.

అక్క అడిగిన ప్రశ్నకు నేను రాసుకొచ్చిన జవాబు ఉంది కదా, అది నా కల్పన అని ఆ కాగితంలోంచి చదివాను. ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన ఎక్కడా అనలేదు, నాకు తెలియకపోయినా తెలిసినట్టు రాశాను అన్నాను. 

మేస్త్రీ నెమ్మదిగా, “అద్దం సుత లేదా సార్?” అన్నాడు.

“అద్దం ఉంది. కిటికీ లేదు.”

అక్క కుట్టు ఆపలేదు. చేతిలోని దారం చివరిదాకా కుట్టి, ముడేసి, తెంపింది. ఆ ప్రతిని పక్కన దొంతర మీద పెట్టింది. అప్పుడు తలెత్తింది.

“మరి బాధపడ్డడా?”

“తెలియదక్కా.”

“పడ్డడని యాడన్న ఉందా?”

“లేదు. పడలేదని కూడా లేదు.”

“తెల్వదని రాస్తె అయిపోతుండె గద సార్.”

నేను ఎం.ఏ.లో చదివిన దానికీ, ఆ తర్వాత రాసిన పుస్తకాలన్నిటికీ కలిపి ఎవరైనా ఒక్క పాఠం చెప్పమంటే ఈ మాటే చెబుతాను.  ఆమే మళ్లీ మాట్లాడింది. గట్టిగా కాదు, మామూలుగా, దారం కొలుచుకుంటూ.

“మీ మాట మీదనే వద్దనలే సార్. ఆడ నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, నోరు తెరవొద్దంట. నాకే మనసొప్పలే. ఈడ గిట్ల మీరు సదివేది ఇనుకుంట కూసుంట గద. కని ఇంట్ల ఆయన దగ్గుతుంటె, ఏం జేసినో అని మనసుల బుగులైతుండె. గప్పుడు మీరు రాసింది యాద్ జేసుకుంటుండె. ఆయన నవ్వుకున్నడు గద, నాకేమైతది అని.”

 ఆమె చెయ్యెత్తి కొట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆమెకు ఆ ఆలోచన వచ్చినట్టు లేదు.

తర్వాత పని మాట ఎత్తింది. ఆ నాలుగు పంక్తులు ఎన్నో పేజీలో ఉన్నాయని అడిగింది. చెప్పాను. కుట్టిన పుస్తకాన్ని విప్పక్కర్లేదు. ఆ ఒక్క కాగితాన్ని లోపలి అంచున కాస్త వదిలి కోసేసి, ఆ అంచుకు కొత్త కాగితం అతికించాలి. పెద్ద పని కాదు గానీ వెయ్యిసార్లు చెయ్యాలి. సరిదిద్దిన కాగితాలు ఓనరు పొద్దున్నే అచ్చు వేయించి పెట్టాడు. అక్క చాకు తీసుకుంది. నేనూ కింద కూర్చుని జిగురు రాశాను. నాకు జిగురు రాయడం రాదని మొదటి పది ప్రతుల్లో అందరికీ తెలిసింది. నన్ను కోసిన కాగితాలు ఏరే పనికి మార్చారు. ఆ సాయంత్రందాకా నా కిటికీని, నా నవ్వును, నా ‘ఏనాడూ చింతించలేదు’ను ఒక్కొక్కటిగా ఏరి గోనెసంచిలో వేశాను. రచయితలందరికీ ఏడాదికొకసారి ఈ పని పెట్టించాలని నా అభిప్రాయం.

ఐదున్నరకు అక్క చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే వస్త సార్ అని చెప్పి వెళ్లింది. సోమవారం గురించి నేను అడగలేదు. అడిగే అర్హత ఆ రోజుకు అయిపోయింది.

సోమవారం గోడ పక్కన చోటు ఖాళీగా ఉంది. పదింటికి మేస్త్రీ కబురు తెచ్చాడు. పొద్దున్నే చెల్లెలి భర్తతో మాట్లాడించుకుని, ఏడింటికి శామీర్‌పేట రోడ్డు మీద కంపెనీ బండి ఎక్కిందట. నాకు బరువు దిగినట్టూ ఉంది, ఇల్లు కూలినట్టూ ఉంది. ఓనరు విని, మంచిగైంది అన్నాడు. ఆ రోజు ఆయన భోజనం డబ్బా తెరవలేదు.

రెండింటి చదువు ఆచారం ఆ తర్వాతా నడిచింది. అక్క స్థానంలో వచ్చినావిడ మంచి పనిమంతురాలు. ఏది చదివినా మంచిగుంది సార్ అనేది. అంత ప్రమాదకరమైన శ్రోతను నేను మళ్లీ చూడలేదు. అన్నం ఎవరు వండారో నన్ను నేనే అడిగి, నేనే వెతుక్కుని, దొరకనప్పుడు ‘ఈ సంగతి మనకు తెలియదు’ అని రాయడం మొదలుపెట్టాను. ఒక్కో పుస్తకంలో ఆ వాక్యం ఏడెనిమిదిసార్లు వచ్చేది. ఒక సమీక్షకుడు రచయితకు విషయపరిజ్ఞానం తక్కువని రాశాడు. ఆ మాట నాకు దక్కిన ప్రశంసల్లో ఒకటిగా దాచుకున్నాను.

ఆరేడు నెలలయ్యాక ఒకరోజు అక్క వచ్చింది. వారం సెలవట. బైండింగ్ గదిలో అందరినీ పలకరించి, మేస్త్రీ చేత టీ చెప్పించుకుని తాగి, పోతూ పోతూ నా గది గుమ్మం దగ్గర ఆగింది. కుర్చీ చూపిస్తే కూర్చుంది. అన్నేళ్లలో ఆమె కుర్చీలో కూర్చోగా చూడటం అదే మొదటిసారి. భర్తను కంపెనీ తరఫున పెద్ద డాక్టరుకు చూపించారని, దగ్గు పూర్తిగా పోలేదు గానీ మెట్లెక్కుతున్నాడని చెప్పింది. పొద్దున్నుంచి సాయంత్రందాకా గాజుసీసాలు కడుగుతుందట. కడిగినదాన్ని వెలుగుకు ఎత్తి చూడాలట, మరక ఉంటే మళ్లీ కడగాలట. మాట్లాడేవాళ్లు లేరట. 

అద్దాలాయన పుస్తకం ఒకటి ఆమెకివ్వాలని అప్పటిదాకా సొరుగులో ఉంచాను. తీసి ఇచ్చాను. అట్ట చూడలేదు, నా పేరు చూడలేదు. వేలితో పేజీలు జార్చుకుంటూ, అతికించిన కాగితం దగ్గరికే సూటిగా పోయింది. బొటనవేలితో అంచు నిమిరి, జిగురు పలచనైందంది. అది నేను జిగురు రాసిన ఆ మొదటి పది ప్రతుల్లో ఒకటై ఉండాలి. తర్వాత పెదవులు కదుపుతూ చదివింది. ‘ఆ కొలువు వద్దన్నందుకు ఆయన తర్వాత ఎప్పుడైనా చింతించాడో లేదో మనకు తెలియదు.’ రెండుసార్లు చదివిందనుకుంటాను.

నేను ఆగి ఉండాల్సింది. కానీ ఆ ప్రశ్న ఆరు నెలలుగా నా దగ్గరే ఉండిపోయింది.

“నీకెప్పుడైనా బాధనిపించిందా అక్కా, ఇక్కడ వదిలేసి అక్కడికి పోయినందుకు?”

ఆమె పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. లేచి, కుర్చీని ఎక్కడుందో అక్కడికి జరిపి, నా వైపు చూసింది.

“గిది సుత రాయనీకేనా సార్, అడుగుతున్నరు?”